తీగను పెంచు తల్లీ, కషాయానికి తొందరపడకు

అమ్మలూ,

మీ బెంగళూరు సర్జాపుర రోడ్డు ఫ్లాటు బాల్కనీలో తిప్పతీగ నాటుకుంటానని, రోజూ పొద్దున్నే దాని కషాయం తాగుతానని ఫోనులో చెప్పావు. నాటుకోవడానికి నా ఆశీర్వాదం. తాగడం సంగతి మాత్రం కూర్చుని మాట్లాడుకోవలసింది. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మేనత్తను నేను. మల్లేశ్వరంలో మొక్కల మధ్యే పొద్దుపుచ్చుతున్నదాన్ని. నా మాట కాస్త ఓపిగ్గా విను.

మన రాయలసీమ పల్లెల్లో ఎవరూ నాటకుండానే కంచెల మీదా వేపచెట్ల మీదా అల్లుకునే తీగ ఇది. చరక సంహిత బుద్ధికి మేలు చేసే నాలుగు రసాయనాలు చెప్పింది. వాటిలో ఇదొకటి. రామరావణ యుద్ధంలో పడిపోయిన వానరుల మీద ఇంద్రుడు అమృతం చల్లితే, ఆ చుక్కలు నేల మీద పడ్డచోట ఈ తీగ మొలిచిందని 16వ శతాబ్దపు భావప్రకాశం కథ చెబుతుంది. కాండాన్ని దంచి, నీళ్ళలో పిసికి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఎండబెట్టి తిప్పసత్తు తీసేవాళ్ళు మన పెద్దలు. ఇంత చరిత్ర ఉన్న మొక్కను ఇంట్లో పెంచుకోవాలన్న నీ కోరిక నాకెంతో నచ్చింది.

అయితే మొదట దాన్ని గుర్తుపట్టడం నేర్చుకో. హృదయం ఆకారంలో ఆకు ఉంటే చాలు, తిప్పతీగ అనుకుంటారు చాలామంది. తమలపాకూ అలాగే ఉంటుంది, మనీప్లాంటూ అలాగే ఉంటుంది. మనీప్లాంటు ఆకు నోట్లో పెట్టుకుంటే నోరు, గొంతు మండిపోతాయి. అందుకని ఆకును నమ్ముకోకు, కాండాన్ని చూడు. ముదిరిన తిప్పతీగ కాండం మీద కాగితంలాంటి పలుచని పొర లేస్తుంది. దాన్ని గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే బండిచక్రంలో ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. పైనుంచి సన్నని దారాల్లాంటి ఊడలు వేలాడుతుంటాయి. నమిలితే కటిక చేదు.

దీనికి ఒక దాయాది ఉంది. శాస్త్రజ్ఞులు టైనోస్పోరా క్రిస్పా అంటారు. దాని కాండం బూడిదరంగులో, ఒళ్ళంతా బొడిపెలతో ఉంటుంది. తుంచితే పాలు వస్తాయి. మన తిప్పతీగకు చుక్కల్లాంటి చిన్న మచ్చలు తప్ప అంతంత బొడిపెలుండవు, పాలూ కారవు. ఆకు అడుగున మెత్తగా నూగు కనిపిస్తే అది ఇంకో రకం. ఈ మూడింటినీ కలిపి ఒకే పేరుతో అమ్మేవాళ్ళు ఉంటారు. అందుకే రోడ్డు పక్క గోడ మీద పాకినదాన్ని ఎవరో చూపిస్తే తుంచి తెచ్చుకోవద్దు. పేరు తప్పయితే ఆ తరవాత నువ్వు ఎంత జాగ్రత్తపడ్డా ఫలితం లేదు.

మొక్క కోసం తెలిసిన చోటికి వెళ్ళు. బెంగళూరులో ఉండటం ఈ విషయంలో నీ అదృష్టం. యలహంక దగ్గర జరకబండె కావల్‌లో దర్శన్ శంకర్, శ్యాం పిట్రోడా 1993లో మొదలుపెట్టిన ఎఫ్‌.ఆర్‌.ఎల్‌.హెచ్‌.టి. సంస్థ ఉంది. ఇప్పుడక్కడే టీడీయూ విశ్వవిద్యాలయం నడుస్తోంది. మూలికల తోట, ఎండు నమూనాలు భద్రపరిచే హెర్బేరియం, ఆయుర్వేద ఆసుపత్రి అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. దక్షిణాది పల్లెల్లో ఇంటింటా మూలికల మొక్కలు పెంచే అలవాటును తిరిగి తెచ్చేందుకు ఆ సంస్థ చాలా పనిచేసింది. ఒక శనివారం వెళ్ళి కళ్ళతో చూసి రా. లాల్‌బాగ్ నర్సరీలోనూ, హెబ్బాళ దగ్గర జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నవంబరులో జరిగే కృషి మేళాలోనూ వాకబు చేయవచ్చు. కన్నడంలో అమృతబళ్ళి అని అడుగు. ఎవరిచ్చినా నేను చెప్పిన గుర్తులు సరిచూసుకున్నాకే ఇంటికి తెచ్చుకో.

ఇక నాటడం. జూన్‌లో వానలు మొదలయ్యాక నాటితే నీకు శ్రమ తక్కువ. పెన్సిలంత లావు ముదురు కాడను జానెడు పొడవున, రెండు మూడు కణుపులు ఉండేలా తీసుకో. కోసిన రోజే నాటెయ్యి. తీగ మీద ఏ కొస కింద ఉందో ఆ కొసే మట్టిలోకి వెళ్ళాలి, తలకిందులైతే బతకడం కష్టం. అడుగున చిల్లులున్న పెద్ద కుండీ చూసుకో. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు సమపాళ్ళలో కలుపు. పైమట్టి ఆరాకే నీళ్ళు పొయ్యి. ఎండకు ఎండి చచ్చే తిప్పతీగలు తక్కువ, కుండీలో నీళ్ళు నిలిచి కుళ్ళిపోయేవే ఎక్కువ. సగం పూట ఎండ తగిలితే చాలు. పాకడానికి గట్టి తాడో వలో కట్టు. పట్టించుకోకుండా వదిలేస్తే పై అంతస్తు వాళ్ళ ఏసీ పెట్టె దాకా పాకుతుంది, వాళ్ళతో మాటపడకు. చలికాలంలో ఆకులు పండి రాలిపోతే చచ్చిపోయిందని పీకేస్తారు కొందరు. అది దాని స్వభావం. వేసవి వానలకు మళ్ళీ చిగురిస్తుంది.

వేప మీద పాకిన తిప్పతీగే మందుకు శ్రేష్ఠమని పెద్దలంటారు. ఆరో అంతస్తులో వేపచెట్టు ఎక్కడ దొరుకుతుంది? తాడు మీద పాకినా తీగ తీగే. దాని గురించి బెంగపడకు.

నీళ్ళ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. బెంగళూరు అపార్టుమెంట్లలో వాడిన నీటిని శుద్ధిచేసి తోటలకు పంపుతారు. కనకాంబరానికీ పచ్చికకూ ఆ నీళ్ళు పరవాలేదు. నోట్లోకి వెళ్ళే మొక్కకు ఆ పైపు తగిలించకు, మంచినీళ్ళే పొయ్యి. నర్సరీలో పురుగుమందు కొట్టి ఉండవచ్చు, కాబట్టి తెచ్చిన కొత్తల్లో ఒక్క ఆకు కూడా తుంచకు.

పురుగు సంగతీ తెలుసుకో. నల్లని ఒంటి మీద కళ్ళలాంటి మచ్చలున్న గొంగళిపురుగు ఒకటి ఈ ఆకుల మీద పెరుగుతుంది. అది పెద్దదై రెక్కల పురుగయ్యాక రాత్రిపూట బత్తాయి, దానిమ్మ పండ్లకు కన్నం పెట్టి రసం పీలుస్తుంది. ఆ కన్నం చుట్టూ కుళ్ళి పండు రాలిపోతుంది. బత్తాయి తోటల చుట్టూ తిప్పతీగ, దూసరితీగ లేకుండా చూసుకోమని వ్యవసాయాధికారులు రైతులకు చెప్పేది ఇందుకే. సెలవులకు అనంతపురం వెళ్ళినప్పుడు మీ మామయ్య తోట గట్టున ఒక కొమ్మ నాటుదామని అనుకుంటావేమో, ఆ పని చెయ్యకు. నీ బాల్కనీలో ఈ పురుగు కనిపిస్తే చేత్తో ఏరి పారెయ్యి, మందు మాత్రం కొట్టకు.

ఇక అసలు మాటకొస్తాను. 2020లో కరోనా భయం కమ్మినప్పుడు దేశమంతా ఈ తీగ మీద పడింది. ఆ అక్టోబరులో ఆయుష్ శాఖ ఇచ్చిన ఆయుర్వేద మార్గదర్శకాల్లో దీని పొడి 1 నుంచి 3 గ్రాములు, గోరువెచ్చని నీళ్ళతో, 15 రోజులో నెలో, లేదా వైద్యుడు చెప్పినట్టు అని రాసి ఉంది. జనం మొక్క పేరొక్కటే పట్టుకున్నారు. మోతాదును, గడువును, వైద్యుణ్ణి వదిలేశారు. నెలల తరబడి రోజూ గిన్నెలకొద్దీ కాచి తాగారు.

2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించారు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిని వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆ మరుసటి ఏడు హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రి వైద్యులు ముందుండి, దేశంలోని 13 వైద్యకేంద్రాల నుంచి ఇలాంటి 43 మంది వివరాలు పోగుచేసి అచ్చువేశారు. వాడకం మొదలెట్టిన దగ్గర్నుంచి లక్షణాలు కనిపించేసరికి మధ్యస్థంగా 46 రోజులు పట్టింది. కాలేయంలో బయటపడని జబ్బు ముందే ఉన్నవాళ్ళకూ, రోగనిరోధక శక్తి తన ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్ళకూ ముప్పు ఎక్కువని వైద్యులు హెచ్చరించారు. అసలు తిప్పతీగతో ప్రమాదం లేదని, నే చెప్పిన దాయాది క్రిస్పాను పొరపాటున వాడి ఉండవచ్చని ఆయుష్ శాఖ బదులిచ్చింది. రెండింటినీ గుర్తుపట్టే తేడాలనూ జనానికి చెప్పింది.

ఈ వాదంలో ఎవరు గెలిచినా నీకు కావలసిన జాగ్రత్త మారదు తల్లీ. మొక్క అసలుదై ఉండాలి, వాడే మనిషికి అది సరిపడాలి, మోతాదూ గడువూ తెలిసినవాళ్ళు చెప్పాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. ఇప్పుడు పిల్లలు దానికి తలకిందులుగా నమ్ముతున్నారు. బాల్కనీలో పెరిగింది కాబట్టి ఎంత తాగినా మేలే చేస్తుందనుకుంటున్నారు. ఒంట్లో పనిచేసే గుణమున్న ఏ మొక్కకైనా చెరుపు చేసే గుణమూ ఉండవచ్చు. మందు అని ఒప్పుకుంటే మందుకిచ్చే మర్యాద దానికివ్వాలి.

నీకు థైరాయిడ్ మాత్ర నడుస్తోంది కదా. అది ఎందువల్ల వచ్చిందో డాక్టరుగారిని అడుగు. రోగనిరోధక శక్తి తిరగబడటం వల్ల వచ్చినదైతే ఈ కషాయం జోలికి పోవద్దు. కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్ ఉన్నవాళ్ళకూ ఇదే మాట. కాలేయం బాగాలేనివాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు దూరంగా ఉండాలి. మీ అత్తగారు షుగరు మాత్రలు వేసుకుంటారు. ఈ తీగకు చక్కెరను తగ్గించే గుణముంది. రెండూ కలిస్తే చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. ఆవిడకు ప్రేమతో గ్లాసు అందించేముందు ఆవిడ డాక్టరును అడుగు.

జ్వరం వస్తే తిప్పతీగతో సరిపెట్టుకోవద్దు. బెంగళూరులో వానాకాలం అంటే దోమల కాలం. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో చూడు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని కషాయాలు తాగుతూ ఇంట్లో కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. రెండో రోజుకూ జ్వరం తగ్గకపోతే రక్తపరీక్షకు వెళ్ళు. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కారడం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే.

ఇన్ని చెప్పాక కూడా వాడాలని ఉంటే పద్ధతిగా వాడు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడికి నీ జబ్బులు, వేసుకునే మాత్రలు దాచకుండా చెప్పు. ఆయన సరేనంటే కాలేయం పరీక్ష చేయించుకుని మొదలుపెట్టు. శాస్త్రంలో ఎక్కువగా చెప్పింది కాండం గురించే. కనీసం ఏడాది దాటిన కాండం కోసి, పైపొర గీకి, దంచి, నాలుగో వంతు మిగిలేదాకా మరిగిస్తే కషాయమవుతుంది. ఎంత, ఎన్నాళ్ళు అన్నది వైద్యుడి మాట. మొదలుపెట్టిన తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టు, గడువు కాగానే ఆపెయ్యి. చిక్‌పేటలో గ్రంధిగె అనే మూలికల అంగళ్ళలో విడిగా అమ్మే పొడి కొనకు. పొడయ్యాక ఏ తీగో చెప్పడం నావల్ల కూడా కాదు.

వాడే రోజుల్లో ఆకలి చచ్చిపోయినా, వికారంగా ఉన్నా, ఒళ్ళు దురద పెట్టినా, మూత్రం ముదురురంగుకు మారినా, కళ్ళు పచ్చబడినా వెంటనే మానేసి కాలేయం పరీక్షకు వెళ్ళు. తిప్పతీగ వాడానని డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకు. ఆ ఒక్క మాట తెలియక రోగం ఎక్కడిదో వెతుక్కుంటూ వైద్యులు రోజులు పోగొట్టుకుంటారు.

మీ పక్కింటి కన్నడ ఆవిడకు కూడా ఈ విషయాలు చెప్పు. కొమ్మ అడిగితే ఇవ్వు, ఇచ్చేటప్పుడు గుర్తుపట్టే లక్షణాలూ జాగ్రత్తలూ కలిపి ఇవ్వు. ఈ జూన్‌లో తప్పకుండా నాటుకో. కషాయం మాత్రం వైద్యుడు చెప్పేదాకా పొయ్యి మీద పెట్టనని నాకు మాటివ్వు.

ఆశీస్సులతో,
మీ అత్త