సూచన వేరు, సాక్ష్యము వేరు

(చదువవలసిన భాగములు: 1 సమూయేలు 1:9–18, ఆదికాండము 44:1–17, మత్తయి 18:15)



నిమ్మనపల్లె ప్రాంతమున టమోటా తోట నెరుగనివారు లేరు గదా. అట్టి ఒక తోటలో ఒక అవ్వ తన ఉంగరమును పోగొట్టుకొనెను. అది మూడు గ్రాముల సన్నని ఉంగరము. కలిగినవారికి అది పెద్ద సొమ్ము కాదు. కాని పెండ్లినాడు ఆమె భర్త ఆమె వ్రేలికి తొడిగినది అదే. ఆ భర్త నేడు లేడు. కాయలు కోయుచుండగా జారినదో, చేతులు కడుగుకొనునప్పుడు కాలువలో పడినదో, కాయలతోపాటు క్రేటులో పడి మదనపల్లె మార్కెట్టునకే పోయినదో ఎవరికిని తెలియదు.

ఆ దినమున ఆమె ప్రక్క సాలున కోతకు వచ్చిన కూలి పడుచు ఒకతె యుండెను. ఆమెయు మన సంఘములోనిదే. ఆమె మధ్యాహ్నమే పని విడిచి ఇంటికి పోయెను. సాయంకాలము పదిమందిలో ఉంగరము మాట అడిగినప్పుడు తల వంచుకొని మాటలాడకుండెను. అంతే, ఊరు తీర్పు చెప్పివేసెను. ఆ తరువాతి ఆదివారము ఆరాధనలో ఆమె కూర్చున్న చాపపై మరి యెవరును కూర్చుండలేదు. ఇది మన యెదుట జరిగినది గనుక, సిగ్గుతోనే వ్రాయుచున్నాము. పేర్లు చెప్పము, పేర్లతో పనియు లేదు.

అవ్వ మనుమడు కువైటులో పనిచేయుచున్నాడు. సెలవుపై వచ్చినప్పుడు అతడు లోహమును కనిపెట్టు యంత్రమును, అనగా మెటల్ డిటెక్టరును, తనతో తెచ్చెను. 'ఉంగరము తోటలో నుండినయెడల దీనితో దొరకును' అని చెప్పెను. మేమును వెంట వెళ్లి, అతడు ఆ యంత్రమును నేర్చుకొనుట కొన్ని దినములు చూచితిమి. అక్కడ చూచినదానిని మీతో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

యంత్రము పనిచేయు విధము కష్టమైనది కాదు. పొడవైన కర్ర చివరనున్న పళ్లెములో రాగి తీగచుట్ట యుండును. దానిలో విద్యుత్తు క్షణక్షణము దిశ మార్చుకొనుచు పారుటవలన అయస్కాంత ప్రభావము నేలలోనికి దిగును. అది లోహమునకు సోకగానే ఆ లోహములో చిన్న విద్యుత్ సుడులు పుట్టును. ఆ సుడులు తమ ప్రభావమును తిరిగి పైకి పంపును. ఆ జవాబు ఎంత వెనుకపడి వచ్చినదో కొలిచి, యంత్రము ఒక ధ్వని చేసి, అద్దముమీద ఒక అంకెను చూపును. అతని యంత్రములో అంకెలు 0 మొదలు 99 వరకు ఉన్నవి. ఇనుమునకు చిన్న అంకెలు. రాగికిని వెండికిని పెద్ద అంకెలు.

మొదటి సాయంకాలము ఆ యువకుడు మనమందరము చేయు పొరపాటే చేసెను. బంగారము మిక్కిలి విలువగలది గనుక అంకెయు మిక్కిలి పెద్దదై యుండునని తలంచెను. పెద్ద అంకె వచ్చిన చోటనెల్ల ఆశతో త్రవ్వెను. మోటారుకు తీగలు కలిపినప్పుడు తెగిపడిన రాగి ముక్కలు దొరికినవి. చెల్లుబడి పోయిన అల్యూమినియపు పది పైసల బిళ్ల యొకటి దొరికినది. ఉంగరము దొరకలేదు. విలువ యనునది మనుష్యులు పెట్టుకొన్నది. యంత్రము విలువ నెరుగదు. ఆ వస్తువులో విద్యుత్తు ఎంత సులువుగా పారును, అది ఎంత దళసరి, దాని ఆకారమెట్టిది అనువాటి కలయికయే ఆ అంకె.

నడిమి అంకెలు మాత్రము అడుగడుగునకు పలుకుచునే యుండెను. రెండుమూడు చోట్ల త్రవ్వి చూడగా విత్తనముల పొట్లముల రేకు, తలనొప్పి మాత్రల అట్టల రేకు బయటపడినవి. అతనికి విసుగు పుట్టెను. వలదనుకొన్న అంకెలు పలుకకుండ చేయుటకు ఆ యంత్రములో ఒక మీట యున్నది. దానిని నొక్కి నడిమి అంకెల నన్నిటిని మూసివేసెను. తోట యెంతో నెమ్మదిగా నుండెను. మూడు సాయంకాలములు అంతయు నడచి వచ్చి, 'చేనిలో లేదు' అని చెప్పెను. ఆ మాట ఊరిలోనికి పోవుటకు ఎంతసేపు పట్టును? 'యంత్రమే చెప్పినది, చేనిలో లేదట; ఇక ఎక్కడనున్నదో తెలిసినదే గదా' అని అనుకొనిరి. నిన్నటివరకు అనుమానముగా నున్నది ఆ రాత్రి నిశ్చయమాయెను.

నాలుగవ దినమున అతనికే మనస్సున ఒక సందేహము కలిగెను. తన భార్య ఉంగరమును, ఒక మాత్రల రేకును, ఒక మేకును, ఒక రూపాయి బిళ్లను ఇంటి వెనుక వేరువేరుగా జానెడు దూరమున పాతి, యంత్రమును వాటిపై త్రిప్పి చూచెను. ఉంగరమునకు 52 వచ్చెను. రేకు మడతకు ఒకసారి 50, ఒకసారి 53 వచ్చెను. అనగా ఏ రేకును విసుగుతో మూసివేసెనో దానితోకూడ బంగారమును మూసివేసియుండెను. మూడు సాయంకాలములు చేను మౌనముగా నుండుటకు కారణము చేను కాదు. అతడు నొక్కిన మీటయే. అతడు మావైపు తిరిగి, "అయ్యగారూ, నేను చెవులు మూసుకోని ఏమీ వినపడలేదని చెప్పినాను" అనెను.

అప్పటినుండి అతడు బడిపిల్లవానివలె నేర్చుకొనెను. మన యెఱ్ఱనేలలో ఇనుప ఖనిజము కలిసియుండును గనుక, మొదట పళ్లెమును నేలకు దగ్గరగా పైకి క్రిందికి ఆడించి, నేల స్వభావమును యంత్రమునకు తెలిపి, ఆ తరువాతనే వెదకవలెను. మోటారు తిరుగుచుండగా దగ్గరకు పోయిన వట్టి కూతలు వినబడును. మోటారు ఆపి వెదకవలెను. తూర్పు పడమరలుగా త్రిప్పినప్పుడు వచ్చిన అంకె ఉత్తర దక్షిణములుగా త్రిప్పినప్పుడును వచ్చుచున్నదా అని చూడవలెను. తుప్పుపట్టిన మేకు ఒక వైపునుండి మంచి లోహమువలె పలికి, మరియొక వైపునుండి మాట మార్చును. ఇంతచేసినను అంకె ఒక సూచనయే గాని సాక్ష్యము కాదు. 52 వచ్చినప్పుడు అది ఉంగరమో రేకో చెప్పగల జ్ఞానము ఆ యంత్రమునకు లేదు. మోకాళ్లూని మన్ను తీసి చూచినవానికి మాత్రమే అది తెలియును.

పాఠకులారా, ఇది క్రొత్తగా యంత్రము కొన్న పల్లెవాని తెలివితక్కువ యని నవ్వకుడి. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ గార్ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు దేహములో నిలిచిపోయెను. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆ గుండు జాడ తెలిసికొనుటకు ఇట్టి యంత్రమునే సిద్ధపరచి రెండు పర్యాయములు పరీక్షించెను. రోగి పండుకొన్న పరుపులో ఉక్కు తీగలుండుటవలన ధ్వని కలతపడెను. అంతకంటె విచారకరమైన సంగతి యొకటి యున్నది. గుండు కుడివైపుననే యున్నదని ప్రధాన వైద్యుడు ముందే నిశ్చయించుకొని, ఆ వైపుననే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించెను. తరువాత దేహమును పరీక్షింపగా గుండు ఎడమవైపున నుండెను. ముందుగా తీర్పు చెప్పుకొని తరువాత వెదకువానికి యంత్రము ఏమి సహాయము చేయగలదు?

ముందుగా ఆశపడి వెదకువాని గతియు అట్టిదే. కర్నూలు జిల్లా తుగ్గలి మండలములోని చెన్నంపల్లి కోటలో నిధి యున్నదను నమ్మకముతో 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితోనే త్రవ్వకము మొదలుపెట్టిరి. ఎంత త్రవ్వినను నిధి దొరకలేదు. మన యువకుని చేతిలో యంత్రమును చూచి, రాత్రివేళ పాత కోటలవైపు పోదము రమ్మని చెవిలో చెప్పినవారును లేకపోలేదు. అతడు ఒప్పుకొనలేదు. ఒప్పుకొననందుకు సంతోషించుచున్నాము. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువకు మించినయెడల కలెక్టరుకు తెలియజేయవలెను. అయితే చట్టమునకంటె ముందు ఒక సంగతి యున్నది. బంగారమే వినవలెనని పోయినవాని చెవికి ప్రతి మేకును బంగారమే పలుకును.

ఇక మన యింటి సంగతికి వచ్చెదము. యువకుడు మీట తీసివేసి, తోటను నూలుకట్టి చాళ్లు చాళ్లుగా విభజించి, పలికిన ప్రతి చోటను త్రవ్వెను. ఆరు దినములలో ఒక డబ్బాకు నిండుగా రేకులు, కట్టెలకు కట్టిన ఇనుప తీగ ముక్కలు, ఎద్దు లాడము మేకులు దొరికినవి. ఉంగరము దొరకలేదు.

అప్పుడు పెద్దలలో ఒకరు, 'ఈసారి సరిగానే వెదకినారు గదా, ఇప్పుడైన తేలినట్లే గదా' అనిరి. ప్రియులారా, తేలలేదు. సన్నని ఉంగరము జానకంటె లోతునకు పోయిన యంత్రమునకు అందుట కష్టము. నిలువుగా దిగబడియున్న దాని పలుకు సన్నగిల్లును. ప్రక్కనే ఇనుప ముక్క యున్న దాని పలుకు ఇనుము పలుకులో మునిగిపోవును. కాలువలో కొట్టుకొనిపోయి యుండవచ్చును. క్రేటులో పోయి యుండవచ్చును. 'వినబడలేదు' అనుటకు 'లేదు' అని అర్థము కాదు. 'లేదు' అనుటకు 'ఆమె తీసినది' అని అసలే అర్థము కాదు. రెండు మెట్లు ఎగిరి దుమికి, మూడవ మెట్టుమీద ఒక మనిషిని నిలువబెట్టితిమి.

షిలోహు మందిరములో హన్నా ప్రార్థన చేయుచుండగా ఏలీ ఏమి చూచెను? పెదవులు కదలుచున్నవి, స్వరము లేదు. చూచినది నిజమే. కాని ఆమె మత్తురాలని చెప్పుకొన్న అర్థము తప్పు. అతడు యాజకుడు, అనుభవశాలి, వృద్ధుడు. అయినను తప్పు చదివెను. అయితే ఏలీలో ఒక మంచి గుణము కనబడుచున్నది. ఆమె మాట చెప్పుకొనగానే విని, తన తీర్పును విడిచి, సమాధానముతో పొమ్మని దీవించెను. మరి బెన్యామీను సంగతి యేమి? వెండి గిన్నె అతని గోనెలోనే దొరికెను. చేతికి చిక్కిన సాక్ష్యముకంటె బలమైనది ఏమి కావలెను? అయినను అతడు నిర్దోషి. కండ్లకు కనబడినదే అట్లు మోసగింపగా, వంగిన తలనుబట్టి మనమేమి చెప్పగలము?

'ఒకవేళ ఆమెయే తీసియుండినయెడల?' అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆమె తీయలేదని రుజువు చేయు శక్తి మాకు లేదు. అయితే రెండు పొరపాట్లును సమానమైనవి కావు. రేకును బంగారమనుకొని త్రవ్విన పిడికెడు మన్ను, కొంచెము చెమట వ్యర్థమగును. బంగారమును రేకని పారవేసిన అది తిరిగి దొరకదు. దోషిని నిర్దోషి యనుకొన్న మూడు గ్రాములు పోవును. నిర్దోషిని దోషి యన్న ఒక ప్రాణి మన మధ్యనుండి తొలగిపోవును. మరియు విచారింపనే కూడదని మేము చెప్పుట లేదు. త్రవ్వదగిన చోట త్రవ్వవలసినదే. మత్తయి 18:15లో ప్రభువు చూపిన మార్గము అదియే గదా: ఒంటరిగా వెళ్లి మాటలాడుట. మనము ఆ పని చేయలేదు. పదిమందిలో అడిగితిమి, తల వంచగానే జవాబు దొరికినదనుకొంటిమి. పదిమందిలో దొంగతనము మాట వచ్చినప్పుడు తల వంచని కూలిమనిషి యెవరు?

యువకుడు తిరిగి కువైటు పోవుటకు ముందు ఆదివారము, ఆరాధన మొదలు కాకముందే అవ్వ లేచి వెళ్లి ఆ పడుచు చాపపై కూర్చుండెను. మేము దగ్గరనే యుంటిమి గనుక ఆమె మాట వింటిమి. "ఉంగరం దొరికినాక నిన్ను నమ్మితే అదేం నమ్మకం బిడ్డా? దొరక్కముందే నమ్మాల్సింది. తప్పు నాది" అనెను. ఆ దినమున ఎందుకు తల వంచితివని అడుగలేదు. మధ్యాహ్నమే ఎందుకు పోతివని అడుగలేదు. ఆ పడుచు "ఊరుకో అవ్వా" అని మాత్రము అని, కొంగుతో కండ్లు తుడుచుకొనెను. ఉంగరము ఇప్పటికిని దొరకలేదు.

రేకుల డబ్బా అవ్వ ఇంటి గూటిలో నున్నది. పారవేయవద్దని మేమే చెప్పితిమి. ఈ నెల మీ మీ కూటములలో ఈ మూడు ప్రశ్నలు ఒకరినొకరు అడుగుకొనుడి. ఎవరి విషయములో మనము ఒక చూపును, ఒక మౌనమును సాక్ష్యముగా లెక్కించితిమి? విసుగుచేత ఎవరి మాట మనకు వినబడకుండ మీట నొక్కుకొంటిమి? వారి యింటికి ఒంటరిగా వెళ్లి అడిగితిమా? అడుగని యెడల వచ్చే ఆదివారము రాకముందే వెళ్లుదము.