ప్రతిభ ఎవరి సొత్తు?

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కాన్ని నేను ఏటా పాఠం చెబుతాను. నిరుడు ఒక విద్యార్థిని అడిగింది: "ఆ రోజుల్లో పిల్లకు వెల కట్టి అమ్మారు. ఇప్పుడు ఆ దురాచారం లేదు కదండీ?" నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ వారమే నా పూర్వ విద్యార్థిని పెళ్ళికి వెళ్ళి వచ్చాను. ఎం.సి.ఎ. చదివి హైదరాబాదులో ప్రోగ్రామరుగా పనిచేస్తున్న అమ్మాయి. వరుడు అమెరికాలో చేసేదీ ఆ పనే. తండ్రి రెండెకరాలు అమ్మి కట్నమిచ్చాడు. ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. పందిట్లో అందరూ పెళ్ళికొడుకు ప్రతిభనే పొగిడారు. నేనూ పొగిడి, అక్షింతలు వేసి వచ్చాను.

ఈ ప్రతిభ అన్న మాటను కొంచెం పరీక్షించవలసి ఉన్నది. 1990 నాటి చట్టంతో అమెరికాలో హెచ్-1బి వీసా ఏర్పడింది. దాని వార్షిక పరిమితి 65,000. అమెరికాలో పై చదువులు చదివినవారికి అదనంగా మరో 20,000. ఈ వీసా యజమానితో ముడిపడినది. ఉద్యోగం ఊడితే, సాధారణంగా అరవై రోజుల్లోగా మరో యజమానినైనా చూసుకోవాలి, దేశమైనా విడవాలి. కనుక ఆ యువకుడు కూడా కూలివాడే. అతని మెడమీద కత్తి వేలాడుతున్నదన్న మాట నేను మరువను.

అయితే ఆ కూలివాణ్ణి నిలబెడుతున్నది ఎవరు? ఆంధ్ర ప్రోగ్రామర్ల వలసను హైదరాబాదులోనూ సిడ్నీలోనూ పరిశీలించి, షియాంగ్ బియావ్ 2007లో ఒక గ్రంథం ప్రచురించారు. కట్నం సొమ్ముకూ ఈ శ్రమ విపణికీ గల సంబంధాన్ని అందులో చర్చించారు. ఇక భార్య సంగతి. హెచ్-4 వీసామీద వెళ్ళినవారికి 2015 మే దాకా ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తరువాత ఇచ్చిన హక్కైనా, భర్త శాశ్వత నివాస ప్రయత్నం ఒక దశ దాటిన కుటుంబాలకే. కోడు రాయగల చేయి అంతవరకు అన్నం వండుతుంది, బిడ్డను పెంచుతుంది, అర్ధరాత్రి దాకా పనిచేసే మనిషిని మరునాటి పనికి సిద్ధం చేస్తుంది. కంపెనీ ఒకరికి జీతమిచ్చి ఇద్దరి శ్రమను పొందుతున్నది.

"ఆమె ఇష్టపడే వెళ్ళింది కదా" అని కొందరు మిత్రులు అంటారు. కావచ్చు. కాని ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే వృత్తి అయినప్పుడు, ఉద్యోగం వదులుకోవడం ఎప్పుడూ ఒకరి ఇష్టమే ఎందుకవుతున్నది? తాను దోపిడికి గురవుతున్న మనిషి, ఆ బరువులో సగం ఇంటి ఆడదాని వీపుమీదికి దించి, మిగిలినదానికి ప్రతిభ అని పేరు పెట్టుకోవడం న్యాయమా? అతనికి న్యాయం కోరే మనం ఆమె మాట పక్కన పెడితే, మనం కోరుతున్నది సగం న్యాయమే.

ఈ ఏడు ఆ ప్రశ్న మళ్ళీ వస్తే తడబడను. ఆనాడు పిల్లకు వెల కట్టారు. ఈనాడు ఆమె శ్రమకు వెలే కట్టడం లేదు. ఆ లెక్క అడగకుండా అక్షింతలు వేసినవారిలో మీ అధ్యాపకుడు కూడా ఉన్నాడని చెబుతాను.