మోటబావి, మంచుగుట్ట

కోరుట్ల దగ్గరి ఒక ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. కొంచెం పసుపు, కొంచెం మక్క, చేను నడుమ ఒక మోటబావి, అదీ ఆయన ఆస్తి. ఊళ్లో ఈత నేర్పేవాళ్లు ఇంకా ఉన్నా, ఎండాకాలం బడులు మూశారంటే తల్లులు పిల్లలను ఆయన బావి దగ్గరికే పంపేవారు.

మిగతావాళ్లు పిల్లవాడి నడుముకు బెండ్లు కట్టి, బావి గడ్డ మీది నుంచి నీళ్లలోకి తోసేవారు. వాడు మునిగి, తేలి, నీళ్లు మింగి, ఏడ్చి, నాలుగైదు రోజులకు ఎట్లనో ఈత పట్టుకునేవాడు. రైతు పద్ధతి వేరు. ఆయనా బెండ్లే కట్టేవాడు, దొరక్కపోతే ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవాడు. అయితే మొదటి రెండు రోజులు ఎవ్వరినీ బావి నడుమకు పోనిచ్చేవాడు కాదు. నీళ్లలో మునిగిన మెట్టు మీద నిలబెట్టి, ఒక బారెడు దూరం పోయి, తిరిగొచ్చి మెట్టు పట్టుకోమనేవాడు. మళ్లీ పోవాలి, మళ్లీ వచ్చి పట్టుకోవాలి. రెండు రోజులూ ఇదే పని.

పక్క బావి పిల్లలు అప్పటికే గడ్డ మీది నుంచి దుంకుతుండేవారు. వాళ్లను చూసి ఈ పిల్లలు చిన్నబుచ్చుకునేవారు. రైతుకు భయం ఎక్కువని ఊళ్లో కొందరు నవ్వుకునేవారు కూడా. మూడో రోజు నుంచి ఆయన బెండ్లు ఒక్కొక్కటే తీసేవాడు. ఆయన కొడుకూ అట్లనే నేర్చుకున్నాడు.

కొడుకు జగిత్యాలలో ఇంటర్, హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివి అమెరికా పోయాడు. ఆ దిక్కు దుబాయి, మస్కట్ పోయినవాళ్లు లేని వాడ ఉండదు. వాళ్లు ఎండలోకి పోతే ఇతను మంచులోకి పోయాడు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు రెండూ ఒకటే దూరం. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటి పిల్లను పెళ్లి చేసుకుని, మిన్నెసోటా రాష్ట్రంలో ఇల్లు కొన్నాడు. ఒక కొడుకు, ఒక బిడ్డ. ఇక్కడ చేలల్లో బోర్లు పడ్డాయి, మోటబావి అడుగంటింది. ఈత నేర్పే పని లేక రైతు సాయంత్రాలు అరుగు మీద కూర్చునేవాడు.

ఒక ఏడాది దసరా వెళ్లాక కొడుకు తల్లినీ తండ్రినీ ఆరు నెలలకు పిలిపించుకున్నాడు. వాళ్లు పోయిన కొద్ది రోజులకే చలి దిగింది. జగిత్యాల దిక్కు రాత్రి 10 డిగ్రీలయితే నెగళ్లు వేసుకుని కూర్చునే మనుషులు వాళ్లు. అక్కడ పట్టపగలే సున్నాకు కింద. కొన్ని రోజులు మైనస్ 20 దాకా పోయింది. ముసలాయన కిటికీ దగ్గరి కుర్చీ విడవలేదు.

ఆ చలికాలం పిల్లలిద్దరికీ స్కీయింగ్ నేర్పాలని కొడుకు పట్టుబట్టాడు. బడిలో తోటి పిల్లలంతా సోమవారం వచ్చి మంచు ముచ్చట్లే చెప్పుకుంటుంటే తన పిల్లలు పక్కన నిలబడుతున్నారని అతని బాధ. వాళ్ల ఇంటికి దగ్గర్లో, బర్న్స్‌విల్‌లో, బక్ హిల్ అని ఒక చిన్న గుట్ట ఉంది. 1954 నుంచి అక్కడ స్కీయింగ్ నడుస్తున్నది. ఎత్తు దాదాపు 310 అడుగులు, పక్కనే జాతీయ రహదారి. పేరుకు గుట్టే గానీ, 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ బంగారు పతకం గెలిచిన లిండ్సీ వాన్ చిన్నప్పుడు కాళ్లు ఆడించింది అక్కడే. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి కొడుకుకు తన పిల్లల మీద ఆశ ఇంకొంచెం పెరిగింది.

శనివారం శనివారం అందరూ గుట్టకు పోయేవారు. అవ్వ డబ్బాలో సకినాలు పెట్టేది, కోడలు ఫ్లాస్కులో చాయ్ పోసేది. తాత కింద ఉన్న హాల్లో అద్దాల దగ్గర కూర్చునేవాడు. సీజన్ మొదట్లో ఆకాశం నుంచి పడింది చాలక, యంత్రాలతో నీళ్లు చిమ్మి మంచు చేస్తారని తెలిసి ఆయన చాలాసేపు ఆ యంత్రాలనే చూశాడు. నీళ్లను గుట్టకు చల్లే జనాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. రెండు వానలు తప్పిన మక్కచేలు చూసినవాడు కదా.

రైతు కొడుకుకు ఓ మోస్తరుగా స్కీయింగ్ వచ్చు. ఏడేళ్ల తన పిల్లవాడికి తనే నేర్పుతానన్నాడు. పిల్లవాడి భుజాలకూ నడుముకూ కట్టే పట్టీ ఒకటి కొన్నాడు. దాని వెనుక నుంచి పొడుగాటి తాడు వస్తుంది. పిల్లవాడు ముందు జారుతుంటే తండ్రి వెనక తాడు పట్టుకుని జారాలి. దుకాణంలో ఆ సైజు పట్టీ ఒకటే మిగిలింది. అందుకని ఐదేళ్ల బిడ్డను గుట్ట కింద చిన్నపిల్లల క్లాసులో చేర్పించారు. అది ఆలోచించి చేసిన పనేమీ కాదు. రెండో పట్టీ ఉంటే ఆమెకూ తాడే పడేది.

క్లాసులో మొదటి రోజు టీచరమ్మ పిల్లలకు జారడం నేర్పనే లేదు. బరువైన బూట్లు తొడుక్కుని నడవడం, పక్కకు పడటం, పడ్డాక స్కీలను వాలుకు అడ్డంగా పెట్టుకుని లేవడం, ఇవే. తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనుక కొసలు ఎడం చేయించింది. దాన్ని పిల్లల భాషలో పిజ్జా అంటారు, ఆకారం అదే కాబట్టి. అట్లా పెడితే స్కీల లోపలి అంచులు మంచును గీకుతాయి, వేగం తగ్గి మనిషి ఆగుతాడు. బూటు ముందుభాగానికి పిక్క ముందరి ఎముక ఆనేలా మోకాళ్లు వంచాలి, వెనక్కి వాలొద్దు. వాలితే స్కీల ముందు భాగం మీద బరువు పోయి, అవి చెప్పినట్టు వినవు. టీచరమ్మ నాలుగు గజాలు జారనిచ్చేది, ఆపించేది. మళ్లీ నాలుగు గజాలు, మళ్లీ ఆపు. కట్టిన ఫీజు మంచులో పోసినట్టయిందని తండ్రి ఇంటికొచ్చి గొణిగాడు. తాత ఏమీ అనలేదు. అద్దాల్లోంచి మనుమరాలినే చూస్తూ ఉండిపోయాడు. ఫ్లాస్కులో చాయ్ చల్లారిపోయింది.

మనుమడి సంగతి వేరే. రెండో వారానికే లిఫ్టు కుర్చీలో పైదాకా పోయాడు. మూడో వారానికి గుట్ట పైనుంచి రయ్యిన దిగుతున్నాడు. తండ్రి హెల్మెట్‌కు కెమెరా పెట్టుకుని వీడియో తీశాడు. సంక్రాంతి నాడు ఆ వీడియో జగిత్యాలలో మేనత్తకు, కోరుట్లలో చిన్నాయనలకు, సిరిసిల్లలో అమ్మమ్మ తాతయ్యలకు చేరింది. సిరిసిల్ల తాతయ్య బతుకమ్మ చీరలు నేసిన తన షెడ్డులోకి ఫోను పట్టుకుపోయి, మగ్గాల చప్పుడులో ఒక్కొక్క కార్మికుడికీ చూపించాడు. వీడియోలో తాడు కనబడదు. కెమెరా తాడు పట్టుకున్నవాడి నెత్తిమీద ఉన్నది మరి. బిడ్డ వీడియో ఒక్కటీ రాలేదని ఎవ్వరూ అడగలేదు. చిన్న వాలు మీద జారడం, ఆగడం, మళ్లీ జారడం, ఇందులో తీయడానికేముంది?

ఫిబ్రవరిలో ఒక శనివారం నాటికి, కాస్త కరిగిన మంచు రాత్రి మళ్లీ గడ్డకట్టి, వాలంతా గట్టిగా పేరుకున్నది. తండ్రీ కొడుకులు పైనుంచి బయలుదేరారు. సగం దిగేసరికి తండ్రి స్కీ ఒకటి జారి అతను పక్కకు పడ్డాడు. చేతిలో తాడు జారిపోయింది. పిల్లవాడికి వెనుక లాగి పట్టుకునేది లేకుండా పోయింది.

ఆ చలికాలమంతా వాడు తన బరువు తాడు మీద వేసి వెనక్కి వాలి జారడానికే అలవాటు పడ్డాడు. వేగం పెరిగితే తండ్రి గుంజేవాడు, మలుపు తిప్పాలంటే తండ్రి తిప్పేవాడు, కిందికి రాగానే తండ్రే ఆపేవాడు. ఇప్పుడు తాడు లేదు. వాడు భయంతో ఇంకా వెనక్కి వాలాడు. స్కీలు ఇంకా వేగంగా పోయాయి. కింద కట్టిన నారింజ రంగు వలలో పోయి పడ్డాడు. పడగానే స్కీలు బూట్ల నుంచి ఊడిపోవడం మేలయింది, లేకుంటే మోకాలు మెలిపడేది. పెదవి చిట్లింది, అంతకుమించి ఏమీ కాలేదు.

ఆ సరికి చిన్న వాలు దాటిన చెల్లెలు అదే వాలు మీద తన క్లాసుతో ఉంది. వరుస విడిచి అన్న వెనకే దిగింది. కొసలు దగ్గరికి పెట్టి, మోకాళ్లు వంచి, వలకు రెండు బారల ఇవతల ఆగింది. ఊడిపోయిన స్కీ ఒకదాన్ని వెతికి తెచ్చి అన్న పక్కన పెట్టింది. తండ్రి తన స్కీలు భుజాన వేసుకుని గుట్ట మీది నుంచి నడుచుకుంటూ వచ్చేసరికి పిల్లలిద్దరూ వల పక్కన కూర్చుని ఉన్నారు.

ఆ రాత్రి పిల్లల తండ్రి నిద్రపోలేదు. తన తండ్రి దగ్గరికి పోయి కూర్చున్నాడు. ముసలాయన తప్పుపట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఊరు సంగతులు మాట్లాడుతూ బావి ముచ్చట తీశాడు. అప్పుడు కొడుకుకు ఒకటి తట్టింది. తనకు ఈత నేర్పిన నాటి బెండ్లు గుర్తున్నాయి. బెండ్లు కట్టిన చేతులు కూడా గుర్తున్నాయి. మెట్టు పట్టుకోమన్న ఆ రెండు రోజులు మాత్రం మర్చిపోయాడు.

తర్వాతి శనివారం తన కొడుకును తీసుకుపోయి ఐదేళ్ల పిల్లల క్లాసులో నిలబెట్టాడు. గుట్ట పైనుంచి దిగినవాడు కింద పసిపిల్లల నడుమ నాలుగు గజాలు జారి ఆగాల్సి వచ్చింది. వాడు రెండు శనివారాలు ముఖం ముడుచుకున్నాడు. సకినాలు కూడా ముట్టలేదు. మూడో శనివారం తనంతట తాను ఆగి, వెనక్కి తిరిగి తండ్రి ఎక్కడున్నాడోనని చూశాడు. తండ్రి హాల్లో తాత పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మార్చి చివర మంచు కరిగేలోగా అన్నాచెల్లెళ్లు ఇద్దరూ గుట్ట పైనుంచి కలిసి దిగారు. అంత వేగంగా ఏం కాదు. పాత వీడియో చూసినవాళ్లకు ఇది నచ్చలేదు కూడా.

ఆ పట్టీని ఎవరికైనా ఇచ్చేద్దామని కోడలు అనుకున్నది. తాత ఇవ్వనివ్వలేదు. తాడు గట్టిదని, ఏప్రిల్లో ఊరికి తిరిగొచ్చేటప్పుడు దాన్ని తన పెట్టెకు కట్టుకున్నాడు.

నీతి: పిల్లలకు వేగం నేర్పి, ఆపే తాడు మన చేతిలో ఉంచుకుంటే, అది వాళ్లకు వచ్చిన విద్య కింద లెక్క కాదు. జగిత్యాల హాస్టల్లో దింపిన నాడో, శంషాబాద్ విమానాశ్రయంలో సాగనంపిన నాడో ఆ తాడు మన చేయి జారక తప్పదు. బండి తాళమైనా, ఫోనైనా, చేతిలో పైసలైనా, మీ పిల్లలకు ముందు ఆగడం నేర్పి, తర్వాతే ఇవ్వండి.