ఒక్క శిష్యుని యెదుట

ఒక మనుష్యుడు మరియొక మనుష్యునికి నిజముగా నేర్పగలడా? ఇది తత్త్వజ్ఞుల గ్రంథములలో మాత్రమే యుండదగిన ప్రశ్నయని నేను చాలకాలము తలంచితిని. కొన్ని సంవత్సరముల క్రిందట, మా సంఘములోని యొక ఉన్నత పాఠశాల విద్యార్థికి సాయంకాలములందు చరిత్రయు రేఖాగణితమును ట్యూషను చెప్పవలసివచ్చినప్పుడు, ఆ ప్రశ్న నా బల్లమీదికే వచ్చెను.

ఒకనాడు రెండంగుళముల భుజముగల చతురస్రము గీసి, దీనికి సరిగా రెట్టింపు వైశాల్యముగల చతురస్రమును గీయుమని అతని నడిగితిని. ఈ లెక్క నాది కాదు; ప్లేటో తన 'మెనో' అను సంభాషణలో సోక్రటీసు ఒక దాసబాలుని అడిగినట్లు వ్రాసినదే. ఆ గ్రీకు బాలునివలెనే మా పిల్లవాడును వెంటనే భుజమును రెట్టింపు చేసెను. వైశాల్యము 16 చదరపు అంగుళములయ్యెను; కావలసినది 8. భుజమును మూడంగుళములు చేసి చూచెను, 9 వచ్చెను. తరువాత చాలసేపు మాటలాడలేదు.

ఆ మౌనమును భరించుట ఉపాధ్యాయునికి కష్టము. చెప్పివేయవలెనని నాలుక తహతహలాడును. జీతమిచ్చు తండ్రి వసారాలో కూర్చుండి వినుచున్నయెడల మరింత కష్టము. (పిల్లవాని లెక్కలన్నియు తామే చేసిపెట్టి మంచి పేరు సంపాదించుకొను ట్యూషను మాస్టర్లను నేనెరుగుదును.) నేను కర్ణము గీయుమని మాత్రము చెప్పితిని. అతడు ఆ కర్ణమునే భుజముగా తీసికొని క్రొత్త చతురస్రమును నిలిపెను. మొదటి చతురస్రములో రెండు త్రిభుజములు, దీనిలో అట్టివే నాలుగు. వ్రేలితో లెక్కించి తల యెత్తి, "ఇదే మాస్టారూ!" అనెను. ఆ క్షణమున నేనతనికి అక్కరలేనివాడనైతిని. ఇక నేను కాదన్నను అతడొప్పుకొనడు.

మరునాడు చరిత్ర. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధము పాఠము. అళియ రామరాయలు హతుడగుట, విజయనగరము కొల్లగొట్టబడుట చెప్పితిని. పిల్లవాడు ఆవులించుట చూచి, రాయల సేనలోని యిద్దరు సేనానులు శత్రువులతో కలిసిన కథ నెత్తుకొంటిని. అంతటితో ఆగితినా? ముందటి రాత్రి గుడారములో ఆ యిద్దరేమి మాటలాడుకొనిరో గూడ చెప్పితిని. అతడు కన్నులు విప్పుకొని విని, అంతయు నోటు పుస్తకములో వ్రాసికొని, "ఇది మీకెట్లు తెలిసినది మాస్టారూ?" అని యడిగెను. అనుమానించి యడిగినది కాదు. నిన్నటి కర్ణమువలె దీనిని గూడ చూడగోరి యడిగెను. నేను "పుస్తకములలో నున్నది" అంటిని.

సేనానుల ద్రోహము పుస్తకములలో నున్నమాట నిజమే. 1567లో, అనగా యుద్ధము జరిగిన రెండేండ్లకు, విజయనగరమునకు వచ్చిన వెనిస్ వర్తకుడు సీజరు ఫ్రెడరిక్ దానిని వ్రాసెను. అతడు యుద్ధమును కన్నులార చూచినవాడు కాడు. గుడారములోని మాటలు మాత్రము ఏ పుస్తకములోను లేవు. అవి నావి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేఖాగణితములో నేనబద్ధమాడినను ఆ గీతయే నన్ను బయటపెట్టును. చరిత్రలో పిల్లవానికి నా మాట తప్ప వేరు ఆధారము లేదు. తరగతిలోనైన నలుబదిమందిలో ఒకడు లేచి కాదనవచ్చును. తలుపు దగ్గరగా వేసిన గదిలో, ఒక్క దీపము క్రింద, ఒక్క పిల్లవాని యెదుట నన్ను కాదనువాడెవడు?

అగస్టీను క్రీ.శ. 389 ప్రాంతమున 'ఉపాధ్యాయుని గూర్చి' యను చిన్న గ్రంథము వ్రాసెను. అది అతడు తన కుమారుడు అదెయొదాతుతో చేసిన సంభాషణ. ఆ బాలునికప్పుడు పదునారేండ్లు. తరువాత కొద్దికాలమునకే మరణించెను. గురువు పలుకులు చూడవలసిన వైపునకు వ్రేలు చూపును గాని చూపు నియ్యలేవనియు, లోపల బోధించు గురువు క్రీస్తేయనియు అగస్టీను వాదించెను. చతురస్రము విషయమున నాకది తేటగా తెలిసినది. అయితే అతడచ్చటనే అగ్నిగుండములోని ముగ్గురు యౌవనులను ఉదాహరించి, గతించిన సంగతులను మనము చూచి గ్రహింపలేము, చెప్పినవారిని నమ్ముదుము, అట్టి నమ్మికయు ప్రయోజనకరమే యని యొప్పుకొనెను. తండ్రి నోట ఆ మాట విన్న కుమారుడు అంతవరకు ఎన్నింటిని తండ్రి మాటమీదనే నమ్మియుండెనో గదా!

మన సువార్తయు రేఖాగణితము కాదు. సమాధి ఖాళీయైన సంగతిని ఎవడును పలకమీద గీసి తేల్చలేడు. చూచినవారు చెప్పిరి, మనము నమ్మితిమి. లూకా తన గ్రంథమును థెయొఫిల యను ఒక్కని పేరనే వ్రాయుచు, కన్నులార చూచినవారు అప్పగించిన సంగతులను మొదటినుండి తరచి చూచితినని యెంత జాగ్రత్తగా చెప్పుకొనెనో చూడుడు. థెయొఫిల అంతకుముందే ఉపదేశము పొందినవాడు. అతడు విన్నవాటికి నిశ్చయము కలుగుటకే లూకా యింత శ్రమపడెను.

ఈ పిల్లవాడు ఆదివారమునాడు సండేస్కూలులోను నా యెదుటనే కూర్చుండును. గుడారములోని మాటలు కల్పితములని ఒకనాడతడు కనుగొనినచో, సమాధియొద్దకు వెళ్లిన స్త్రీల సంగతి నేను చెప్పునప్పుడు ఏ ముఖముతో వినును?

మరుసటి సాయంకాలము నోటు పుస్తకము తెరపించి, ఆ సంభాషణను కొట్టివేయుమంటిని. "అది నేను కల్పించినది. వారేమి మాటలాడుకొనిరో నాకు తెలియదు" అంటిని. అతడు కోపగింపలేదు. స్కేలు పెట్టి తిన్నగా ఒక్కొక్క పంక్తిని కొట్టివేసెను. పిమ్మట, "సేనానుల ద్రోహము ఉంచవచ్చునా మాస్టారూ?" అని యడిగెను. యుద్ధమైన రెండేండ్లకు వచ్చిన యొక వర్తకుడట్లు వ్రాసెనని వ్రాయుమంటిని. అతడట్లే వ్రాసికొని, కలము మూయుచు, "పరీక్షలో ఇట్లు వ్రాసిన మార్కులు వేయుదురా?" అనెను.

"తెలియదు" అని చెప్పితిని. ఆ సాయంకాలము నేనతనితో ఆ మాటనుట అది రెండవ మారు.