మాడిపోయిన బల్బు ఎవరి చేతికి?

తెనాలి దగ్గర మా ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి అమ్మని హైదరాబాద్ తెచ్చుకున్నప్పుడు ఆమె సామానులో చెప్పుల అట్టపెట్టె ఒకటి వచ్చింది. విప్పి చూస్తే పాత చీర పీలికల్లో చుట్టిన పన్నెండు మాడిపోయిన బల్బులు. పదకొండు ఎల్‌ఈడీలు, ఒకటి సీఎఫ్‌ఎల్.

"ఇవెందుకమ్మా ఇంత దూరం మోసుకొచ్చావ్?"

"పారెయ్యడానికి చెయ్యి రాలేదే. దిబ్బ మీద పడేస్తే పిల్లల కాళ్ళకి గుచ్చుకోవూ? మీ ఊళ్ళోనన్నా ఎవరన్నా తీసుకుంటారేమోనని."

అమ్మ చాదస్తం అనుకున్నాను. మర్నాడు క్లాసుకి వెళ్ళే తొందరలో ఆ పెట్టెని పొడి చెత్త డబ్బాలో కుమ్మరించేశాను. ఆ తర్వాతి రోజు చెత్త ఆటోతో వచ్చే అక్క చూపుడు వేలికి గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగాను. "మీ డబ్బాలనే మేడం, మెలికలు తిరిగిన బల్బు పలిగింది" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మెలికలు తిరిగింది సీఎఫ్‌ఎల్. అందులో కొద్ది మిల్లీగ్రాములే అయినా పాదరసం ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

నా పీహెచ్‌డీ తెలుగు కథల్లో ఇంటిచాకిరీ మీద. జీతం లేని, లెక్కకి రాని, కంటికి కనపడని శ్రమ గురించి ఐదేళ్ళు చదివాను, మూడు వందల పేజీలు రాశాను. ఆ మూడు వందల పేజీల్లో చెత్తబుట్ట లేదు. వంటింట్లో మొదలైన నా పరిశోధన వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గుమ్మం అవతల మరో స్త్రీ చేతులు ఆ పనిని అందుకుంటున్నాయన్నది నాకు ఆ గుడ్డ కట్టిన వేలు చెప్పింది.

ఇంట్లో చెత్తని వేరుచేసే పని ఎవరిది? 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తల్ని ఇంట్లోనే విడదీయమన్నాయి. నిబంధనల్లో "గృహస్థు" అని ఉండొచ్చు గానీ ఆ పని గృహిణి నెత్తినే పడుతుందని మనందరికీ తెలుసు. పర్యావరణం పేరుతో మరో ఇంటిచాకిరీని, అదీ పుణ్యకార్యంగా, స్త్రీకి అంటగడుతున్నారని ఒక స్త్రీవాదిగా నేను అనగలను. చెయ్యనని నిరాకరించనూ గలను. వంటింటిని ప్రశ్నించడం మనకి మన కవయిత్రులు నేర్పిన పాఠమే కదా.

కానీ ఈ నిరాకరణ గాలిలో కలిసిపోదు. నేను వదిలేసిన పని ఎక్కడో ఒకచోట వాలుతుంది. నా భర్త మీద వాలితే అది పోరాటమే. బల్బు తయారుచేసిన కంపెనీ మీద వాలితే అది న్యాయమే. చెత్త ఆటో అక్క మీద వాలితే దాన్ని ఏమనాలి? వంటింట్లోంచి మీరు బయటికొస్తే లోపలికెవరొస్తారని, మీ ఇంటి మురికి ఎవరెత్తుతారని దళిత స్త్రీలు మనల్ని ఎప్పటినుంచో అడుగుతున్నారు. 2003లో 'నల్లపొద్దు' వచ్చాక ఆ గొంతులు వినలేదనే వీలు కూడా మనకి లేదు. ఈ ప్రశ్నని నేను సెమినార్లలో ప్రస్తావించాను. నా డబ్బా మూత తీసేటప్పుడు మాత్రం నాకది గుర్తు రాలేదు.

ఎల్‌ఈడీ విషయంలో ఈ మరుపు మరీ తేలిక. అది శుభ్రమైన వస్తువుగా మన ఇళ్ళలోకొచ్చింది. పాదరసం లేదు, కరెంటు తక్కువ కాలుతుంది, ఏళ్ళ తరబడి వెలుగుతుంది. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకే అమ్మ రెండు పాత బల్బులిచ్చి, పది రూపాయల చొప్పున రెండు ఎల్‌ఈడీలు తెచ్చుకుంది. 2015 జనవరి 5న దేశమంతటికీ మొదలై, తర్వాత 'ఉజాలా'గా పేరు పెట్టుకున్న పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. నేను తిరిగి తిరిగి ఆలోచించేది అమ్మ ఇచ్చిన ఆ రెండు పాత బల్బుల గురించే. పాతది తీసుకుని కొత్తది ఇవ్వడం ఆరోజు సాధ్యమైంది. అవసరమైనప్పుడు పాత బల్బుని వెనక్కి తీసుకునే దారి దొరుకుతుందన్నమాట. మరి ఎల్‌ఈడీలు మాడిపోయాక వాటిని అడుగుతూ అమ్మ గుమ్మంలోకి ఎవరూ రాలేదు. అందుకే అవి చెప్పుల పెట్టెలో చేరాయి.

"దీనికేమన్నా వస్తుందా అక్కా?" అని ఒక ఎల్‌ఈడీ చూపించి అడిగాను.

"ఏమొస్తది మేడం? పలగ్గొడితే లోపల జరంత సిల్వర్ ఉంటది. కిలో కావాల్నంటే ఎన్ని పలగ్గొట్టాలె?"

సిల్వరంటే అల్యూమినియం. బల్బు వేడిని లాగడానికి లోపల పెట్టే రేకు. దానితోపాటు ప్లాస్టిక్ బుడ్డి, టంకం వేసిన చిన్న సర్క్యూటు, వేలిగోరంత కూడా లేని చిప్పులు. కిలో తూగాలంటే డజనుకు పైగా బల్బులు కావాలి. ఇన్నిటినీ విడదీసినా చేతికొచ్చేది కొద్దిగా రేకు. ఆ గిట్టుబాటు కాని శ్రమని చట్టం ఎవరికి అప్పజెప్పిందో చూద్దాం. ఎలక్ట్రానిక్ వ్యర్థాల బాధ్యత తయారీదారుడిదే అన్న సూత్రం 2012 మే నుంచి అమల్లో ఉంది. 2023 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు నమోదైన రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొని ఆ బాధ్యత తీర్చుకుంటాయి. బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం ఎంత తీశారన్నది లెక్క. అమ్మ పన్నెండు బల్బుల్ని చీర పీలికల్లో చుట్టి దాచిన శ్రమకి ఆ సర్టిఫికెట్లో గడి లేదు. అక్క తెగిన వేలికీ లేదు. లోహానికి లెక్క ఉంది, దాన్ని ఏరిన చేతికి లేదు.

ఈ లెక్క మార్చలేమా అంటే, మార్చినవాళ్ళున్నారు. పుణెలో చెత్త ఏరే స్త్రీలు 1993లో 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' అనే సంఘం పెట్టుకున్నారు. దాని పుట్టుక వెనక ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలోని వయోజన విద్యా విభాగం కృషి ఉంది. మనలాంటి అధ్యాపకులే చెత్తకుండీల దగ్గరికి వెళ్ళారు. చెత్త ఏరడం బిచ్చం కాదు, పని అని, ఆ పనికి గుర్తింపు కార్డు కావాలని ఆ స్త్రీలు అడిగారు. తర్వాత వాళ్ళ సహకార సంఘం 'స్వచ్ఛ్', 2008లో పుణె కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకోవడం మొదలుపెట్టింది. ఇంటివాళ్ళు ఆ పనికి నేరుగా రుసుము కడతారు. పుణె స్వర్గమేమీ కాదు. కానీ అక్కడ విశ్వవిద్యాలయం గుమ్మం దాటింది.

నేను చేసింది చాలా చిన్నది. అక్కకి క్షమాపణ చెప్పి, ఆ వేలికి ధనుర్వాతం సూది వేయించాను. మిగిలిన పదకొండు బల్బుల్ని ఆమె పక్కన పెట్టి ఉంచింది, తిరిగి తీసుకున్నాను. మా వీధి చివర కరెంటు సామాన్ల కొట్టు కుర్రాడు వాటిని విప్పి చూశాడు. చిప్పులన్నీ ఒకే వరసలో ఉంటాయట, ఒక్కటి మాడినా వరస మొత్తం ఆరిపోతుందట. మాడినదాన్ని దాటించి టంకం వేశాక నాలుగు వెలిగాయి. ఇది తెలిసినవాళ్ళు చేసే పనే తప్ప ఇంట్లో ప్రయత్నించేది కాదు. మిగతా ఏడింటి కోసం, అలాంటివాటి కోసం, మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక పెట్టె పెట్టిద్దామన్నాను. "మంచి ఐడియా, లేడీస్ చూసుకుంటే బావుంటుంది" అన్నారొక పెద్దమనిషి. లేడీస్ చూసుకోరని, నెలకొక ఫ్లాటు చొప్పున మగవాళ్ళే ఆ పెట్టెని ఇ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి చేరుస్తారని రాయించేదాకా మీటింగు ముగియనివ్వలేదు. మొదటి నెల మా ఆయన వంతు.

ఈ ఏర్పాటు గురించి అక్కకి కొంచెం గర్వంగానే చెప్పాను. ఇక నీ డబ్బాలో బల్బులుండవన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"మంచిదే మేడం. కానీ ఆ పెట్టె మేమే తీస్కపోతం. తీస్కపోయినందుకు కూలి ఎంతిస్తరు?"

నా ఏర్పాటులో ఆమెకి గాయం నుంచి రక్షణ ఉంది. ఆమె అడిగింది పని, ఆ పనికి ధర. ప్రమాదాన్ని ఆమె చేతుల్లోంచి తీసేస్తూ ఆ పని మీద ఆమెకున్న హక్కుని కూడా తీసేశానని అప్పుడు గానీ నాకు తట్టలేదు. వచ్చే నెల మీటింగు ఎజెండాలో మొదటి అంశం ఆ కూలి. ఆ మీటింగుకి ఆమెని కూడా పిలిచాను.