పోలికా, పొగడ్తా?

ఇటలీలో మాంటువా ఏలిక ఫ్రాంచెస్కో గొంజాగా భార్య ఇసబెల్లా దెస్తే. కళలంటే ఆమెకు ప్రాణం. పేరున్న చిత్రకారుడెవరైనా సరే, ఆమెకోసం ఒక బొమ్మ వేయాల్సిందే.

1493లో, ఇంకా ఇరవై నిండకముందు, ఒక స్నేహితురాలికి పంపడానికని మాంటేన్యా చేత తన బొమ్మ వేయించుకుంది. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఆ ఆస్థానంలో ఉన్న పెద్ద చిత్రకారుడు. మొహమాటానికి ముఖాలు దిద్దే రకం కాదు. బొమ్మ చూసిన ఇసబెల్లా, అందులో తన పోలికే లేదని తోసిపుచ్చింది.

1499లో మిలాన్ ఫ్రెంచివారి వశమయ్యాక, లియొనార్డో డావించీ మాంటువా మీదుగా వెళ్తూ ఆమె ముఖాన్ని పక్కనుంచి కాగితం మీద గీశాడు. తర్వాత రంగుల్లో వేసిస్తానన్నాడు. ఆమె ఉత్తరాలు రాసింది, మనుషుల చేత అడిగించింది. 1501లో ఫ్లోరెన్స్ నుంచి కబురొచ్చింది: ఆయన రేఖాగణితంలో మునిగి ఉన్నాడు, కుంచె పట్టాలంటేనే విసుగు. చివరికి తన బొమ్మ మాట వదిలేసి, బాల యేసు బొమ్మయినా ఇమ్మని అడిగింది. అదీ రాలేదు.

అరవయ్యేళ్లు పైబడుతుండగా ఆమె టిషియన్ అనే చిత్రకారుణ్ణి ఆశ్రయించింది. ఈసారి ఎదురుగా కూర్చోలేదు. 1511లో ఫ్రాంచా వేసిన తన పాత బొమ్మ పంపి, దాన్ని చూసి వేయమంది. ఆ ఫ్రాంచా కూడా ఆమెను కళ్లారా చూసి వేసినవాడు కాడు! టిషియన్ బొమ్మలో నిగనిగలాడే పడుచుపిల్ల ప్రత్యక్షమైంది. ఆ వయసులోనైనా తాను ఇంత అందంగా ఉండేదా అని ఇసబెల్లాకే అనుమానం వచ్చింది. 1536లో ఆ మాట ఉత్తరంలో రాసింది కూడా. అయినా బొమ్మ నచ్చింది.

మాంటేన్యా వేసిన బొమ్మ మనకు దక్కలేదు. లియొనార్డో గీత పారిస్‌లోని లూవ్ర్‌లో, రంగుల్లోకి ఎక్కకుండానే ఉండిపోయింది. టిషియన్ పడుచుపిల్ల మాత్రం వియన్నా మ్యూజియంలో ఇసబెల్లా పేరుతో వెలిగిపోతోంది.

నీతి: యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. బొమ్మ వేయించుకునేవారు తమకు కావలసింది పోలికో, పొగడ్తో ముందే తేల్చుకోవాలి. పోలిక చూపబోయినవాణ్ణి కాదంటే, తర్వాత వచ్చేవాడు పొగడ్తే తెస్తాడు. అది అబద్ధమని మనకు తెలిసినా, మన తర్వాతివాళ్లకు అదే మన ముఖమైపోతుంది.