ఎవరికి చెప్పాలి ఈ లెక్క?

కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి గుట్ట మీది బండల్లో రెండువేల ఏళ్లకు పైగా ఎండకూ వానకూ ఓర్చుకున్న బ్రాహ్మీ అక్షరాలున్నాయి. అశోకుడి పదమూడో శాసనం వాటిలో ఒకటి. కళింగలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, లక్ష మంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్ల మంది ఆపైన చనిపోయారనీ గెలిచిన రాజే చెప్పుకున్నాడు. చదివిన ప్రతిసారీ నేను ఆగిపోయేది ఒకచోటే. ఆయన లెక్కపెట్టింది తనవాళ్ల శవాలను కాదు, ఎదుటివాళ్ల శవాలను.

మన ఊరి పొలిమేరల్లో వీరగల్లులు కూడా ఉంటాయి. ఊరి కోసమో, పశువుల మంద కోసమో ప్రాణమిచ్చిన మనిషి ఆ రాతిలో కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ పోరు ఎందుకొచ్చింది, తప్పించే వీలు లేకపోయిందా అని వీరగల్లు అడగదు. అడగడం దాని పని కాదు, తలచుకోవడమే దాని పని. జరిగినదానికి బాధ్యత ఎవరిదో చెప్పాల్సింది శాసనం. దేశానికి ఈ రెండు రాళ్లూ కావాలి.

1962 అక్టోబరు 20న మొదలైన చైనా యుద్ధం నెల రోజుల్లో ముగిసింది. మన ప్రభుత్వ లెక్కల్లో 1,383 మంది మరణించారు, 1,696 మంది ఆచూకీ లేదు, 3,968 మంది బందీలయ్యారు. నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో పోరాడిన 13 కుమావ్ బెటాలియన్ కంపెనీలో, దాదాపు 120 మందికి గాను, కొద్దిమంది తప్ప అందరూ నేలకొరిగారు. బతికి వచ్చినవాళ్లు చెప్పినదాన్ని మొదట చాలామంది నమ్మలేదు. మూడు నెలల తర్వాత, 1963 ఫిబ్రవరిలో, ఒక గొర్రెల కాపరికి ఆ దేహాలు కనిపించాయి. మంచులో గడ్డకట్టి, ఎవరి మోర్చాలో వాళ్లు, ఆయుధాలు పట్టుకునే ఉన్నారు. గాయపడ్డవాళ్లను చూసుకునే నర్సింగ్ అసిస్టెంట్ చేతిలో సిరంజి అలాగే ఉంది.

వాళ్లకు అక్కడ స్మారకం కట్టాం. ఏటా పూలు పెడతాం. అది వీరగల్లు. మరి శాసనం?

అదీ రాశారు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమ్ భగత్ కలిసి విచారించి 1963లో సైన్యాధిపతికి నివేదిక ఇచ్చారు. శిక్షణలో, ఆయుధాల్లో, ఆదేశాల అమరికలో లోపమేమిటి, సైనికుల దేహదారుఢ్యం ఎలా ఉంది, అధికారుల సామర్థ్యం ఎంత అన్నవి వాళ్ల ముందున్న ప్రశ్నలని రక్షణమంత్రి చవాన్ ఆ ఏడు పార్లమెంటులో చెప్పారు. నూలు బట్టలతో హిమాలయం ఎక్కిన జవాను ఒంట్లో సత్తువ ఎంత అన్నది విచారణకు వచ్చింది. అతణ్ణి ఎక్కించిన ఢిల్లీ నిర్ణయాలు దాని పరిధిలోకి రాలేదు. ఆ నివేదికైనా ఇంతవరకూ ప్రభుత్వం బయటపెట్టలేదు. 2014లో కొంత భాగం ఒక విదేశీ పాత్రికేయుడి ద్వారా బయటికొచ్చింది. మన పిల్లల మరణం గురించి మన అధికారులు రాసింది మనకు అలా చేరింది.

ప్రభుత్వం చెప్పే కారణాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందులోని విషయాలు సున్నితమైనవనీ, ఇప్పటికీ సైనిక ప్రాధాన్యం ఉన్నవనీ 2010లో రక్షణమంత్రి ఆంటోనీ చెప్పారు. సరిహద్దు తేలలేదు, నిజమే. అయితే కార్గిల్ సంగతేమిటి? 527 మందిని పోగొట్టుకున్న ఆ పోరు ముగిసిన నెలలోనే, 1999 జులైలో, సుబ్రహ్మణ్యం కమిటీని వేశారు. 2000 ఫిబ్రవరిలో నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. కొన్ని భాగాలు తీసేసినా, గూఢచార వ్యవస్థ ఎక్కడ విఫలమైందో జనం చదివారు. ఆ పోరులో ప్రాణమిచ్చిన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్య గౌరవం దానివల్ల రవ్వంత కూడా తగ్గలేదు.

మరి తేడా ఎక్కడుంది? కార్గిల్‌లో గెలిచాం. అశోకుడూ గెలిచాడు. గెలిచినవాడికే నిజం చెప్పే ధైర్యం వస్తుందా? ఓడినప్పుడు చెప్పుకోలేని నిజం నిజంగా మనదేనా?

అశోకుడి దగ్గరా ఒక మౌనం ఉంది. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఆ పదమూడో శాసనం లేదు. పశ్చాత్తాపాన్ని దూరాన ఉన్న ఎర్రగుడికి చెప్పాడు, గాయపడ్డవాళ్ల ఎదుట మాత్రం చెప్పలేదు. పాలనలో కలతలు వస్తాయని అనుకున్నాడేమో. అంతటివాడికీ అది కష్టమే అయిందంటే, ఈ పని ఎంత బరువైనదో అర్థమవుతుంది. బరువైనది కాబట్టి వదిలేయవచ్చా? యుద్ధం లెక్క మొదట చెప్పాల్సింది ఎవరికి? ఆ యుద్ధంలో పోగొట్టుకున్నవాళ్లకు కాదా? 1962లో అవతలి వైపు 722 మంది చనిపోయారని చైనా లెక్క. ఆ ఇళ్లలోనూ ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది.

రెజాంగ్ లా మంచులో మూడు నెలల తర్వాత కూడా ఆ చెయ్యి సిరంజిని వదల్లేదు. తనకు అప్పగించిన పనిని ఆ మనిషి ఊపిరి ఉన్నంతవరకూ చేశాడు. అతణ్ణి అక్కడికి పంపినవాళ్లు తమ పనిని ఎలా చేశారో రాసిన కాగితం మాత్రం అరవై ఏళ్లుగా బీరువాలో ఉంది. దాన్ని తెరవడం అతనికి మనం పడ్డ బాకీ.